ఫ్యాక్టరీ పక్కనే, శిక్షణ కూడా పక్కనే ఉండాలి

హైదరాబాద్ శివారులోని జల్‌పల్లికి ఎలక్ట్రానిక్స్ పరిశ్రమలున్న రావిర్యాల ఫ్యాబ్‌సిటీ దగ్గరే. కొంగరకలాన్ ఫాక్స్‌కాన్ ఫ్యాక్టరీ కూడా మరీ దూరమేం కాదు. అక్కడి ఉద్యోగాలు జల్‌పల్లి బస్తీల పిల్లలకు అందాలంటే చేతికి పని వచ్చి ఉండాలి.

2024 జూన్‌లో 65 ఐటీఐలను అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మార్చే పనికి మల్లేపల్లిలో శంకుస్థాపన జరిగింది. మంచి అడుగు.

అయితే ఆ ఫ్యాక్టరీల్లో చేసే ఎలక్ట్రానిక్స్ అసెంబ్లీ పని పుస్తకాలు చదివితే రాదు. మణికట్టుకు యాంటీ స్టాటిక్ బ్యాండ్ లేకుండా సర్క్యూట్ బోర్డును ముట్టుకుంటే, మనకు తెలియకుండానే చిప్ పాడైపోవచ్చు. స్క్రూ ఎక్కువ బిగిస్తే ప్లాస్టిక్ పగులుతుంది, తక్కువైతే ఊడొస్తుంది. ఆ అంచనా రోజూ చేస్తేనే చేతికొస్తుంది.

పగలు కూలికెళ్లే యువకులు, దూరం పంపడానికి ఇంట్లో ఒప్పుకోని ఆడపిల్లలు రోజూ మల్లేపల్లి వెళ్లగలరా? జల్‌పల్లిలోనే సాయంత్రం బ్యాచ్‌లు పెట్టాలి. ఉర్దూలోనూ నేర్పాలి. స్టైపెండ్ ఇవ్వాలి.