దొరికిన చోటు చెప్పని నాణెం

పాత నాణేలు కొనేవాళ్ల దగ్గర ఒక మాట ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది: “మేం లేకపోతే ఈ చరిత్రంతా మట్టిలోనే ఉండిపోయేది.” ఎవరికీ పట్టని రాజుల నాణేలు వెతికేవాళ్లు ఈ మాట ఇంకాస్త గట్టిగా అంటారు. అగస్టస్‌వీ నీరోవీ ఎవరైనా కొంటారట, మరుగున పడ్డవాళ్లను వెలికి తీయడమే అసలు సేవట. నేననేది దీనికి పూర్తిగా ఎదురు. ఇవాళ ఆన్‌లైన్ వేలాల్లో కొంటున్న పద్ధతిలో కొంటే, ఆ మరుగున పడ్డ మనిషి గురించి మనకి తెలియగలిగే చివరి సంగతులు కూడా చెరిగిపోతాయి.

ఊరికే అనడం కాదు, ఒక రాజును తీసుకుని చూద్దాం. వెత్రానియో.

క్రీ.శ. 350 జనవరిలో రోమన్ సామ్రాజ్యపు పశ్చిమ భాగంలో మాగ్నెంటియస్ అనే సేనాని తిరగబడ్డాడు. అక్కడి చక్రవర్తి కాన్‌స్టాన్స్ హతమయ్యాడు. అతని అన్న, తూర్పును ఏలుతున్న రెండవ కాన్‌స్టాంటియస్, పర్షియన్లతో యుద్ధంలో చిక్కుకుని ఉన్నాడు. ఆ సందులో, మార్చి 1న, డాన్యూబ్ ప్రాంతపు సైన్యాలు తమ ముసలి సేనాని వెత్రానియోను చక్రవర్తిని చేశాయి. ఇతనికి చదువు రాదు. చక్రవర్తి అయ్యాకే, ఆ వయసులో, అక్షరాలు నేర్చుకున్నాడని యూట్రోపియస్ రాశాడు. అదే ఏడాది డిసెంబర్ 25న నైసస్‌లో, అంటే నేటి సెర్బియాలోని నిష్‌లో, కాన్‌స్టాంటియస్ ఇద్దరి సైన్యాల ముందూ నిలబడి ప్రసంగించాడు. సైనికులు అతని వైపు తిరిగిపోయారు. వెత్రానియో రాజవస్త్రం విప్పేశాడు. తల తీయకుండా, భరణమిచ్చి ప్రూసాకు పంపేశారు. మొత్తం ఏలుబడి పది నెలలు కూడా లేదు.

అక్షరాలు రాని ఆ మనిషి పేరు అక్షరాల్లో మిగిలింది ఎక్కువగా నాణేల మీదే. వాటిల్లో సిస్కియా టంకశాలలో, అంటే నేటి క్రొయేషియాలోని సిసాక్‌లో, కొట్టిన కంచు నాణేలు ప్రసిద్ధం. బొమ్మ వైపు గడ్డంతో ముసలాయన. బొరుసు వైపు క్రీస్తు గుర్తున్న జెండా పట్టుకున్న చక్రవర్తి, అతనికి కిరీటం పెడుతున్న విజయదేవత, చుట్టూ ‘ఈ గుర్తుతో గెలుస్తావు’ అనే అర్థంలో లాటిన్ మాటలు. తమాషా ఏంటంటే, ఇదే టంకశాల ఇదే బొరుసుతో కాన్‌స్టాంటియస్ పేరు మీద కూడా నాణేలు కొట్టింది. అదే కంచు, అదే టంకశాల, అదే బొరుసు. కానీ ఇవాళ మార్కెట్లో కాన్‌స్టాంటియస్‌ది చవక, వెత్రానియోది దానికి కొన్ని రెట్లు. మనం డబ్బిస్తున్నది పేరుకి.

వేలం పేజీలో ఆ పేరు పక్కన చాలాసార్లు ‘తిరుగుబాటుదారు’ అని ఉంటుంది. నిజంగా తిరుగుబాటుదారేనా? కాన్‌స్టాంటియస్ సోదరి కాన్‌స్టాంటినాయే మాగ్నెంటియస్‌కి అడ్డంగా ఇతన్ని నిలబెట్టిందని ఫిలొస్టార్గియస్ అంటాడు. అంటే ద్రోహి కావచ్చు, కాన్‌స్టాంటియస్ కోసం కుర్చీ కాచిన నమ్మకస్తుడూ కావచ్చు. ఇద్దరి పేర్లతోనూ నాణేలు కొట్టిన టంకశాల రెండో వైపు కాస్త మొగ్గుతోంది. మిగతాది తేలాలంటే ఆ నాణేలు ఎక్కడ దొరికాయో తెలియాలి. సైనిక శిబిరాల్లోనే దొరికాయా, సంతలు జరిగే ఊళ్లలో కూడానా? ఒకే లంకెబిందెలో ఇద్దరివీ కలిసి ఉన్నాయా? డిసెంబర్ తర్వాత కూడా జనం వాటిని వాడారా?

వేలం పేజీ బరువు చెప్తుంది, వ్యాసం చెప్తుంది, కేటలాగ్ నంబర్ చెప్తుంది, చిలుము ఏ రంగులో ఉందో కూడా వర్ణిస్తుంది. దొరికిన చోటు మాత్రం చెప్పదు. మరీ అడిగితే ‘పాత యూరోపియన్ సేకరణ’ అంటుంది. సాఫ్ట్‌వేర్ వాళ్లకి ఇది వెంటనే అర్థమవుతుంది. సర్వర్ పేరూ టైమూ కొట్టేసి, ఎర్రర్ మెసేజ్ ఒక్కటే మిగిల్చిన లాగ్ ఫైల్ ఎవడికి పనికొస్తుంది? ఫ్రేము కట్టించి గోడకి తగిలించుకోవచ్చు. కొంటున్నవాళ్లు చేస్తున్నది అదే.

“చిల్లర కంచు నాణేలండీ, వేలల్లో ఉన్నాయి, మ్యూజియంలకే అక్కర్లేదు” అని ఇంకో వాదన. వేలల్లో ఉన్నాయి కాబట్టే చోటు ముఖ్యం. రిచర్డ్ రీస్ బ్రిటన్‌లోని 140 చోట్ల దొరికిన రోమన్ నాణేలను పోల్చి, ఏ ఊళ్లో ఏ కాలంలో డబ్బు ఎలా తిరిగిందో చూపించాడు. ఆ లెక్కల్లో బంగారం కన్నా జనం జేబుల్లోంచి జారిపడ్డ చిల్లరే ఎక్కువ మాట్లాడుతుంది. చోటు తీసేస్తే అది మళ్లీ చిల్లరే.

నేను సేకరణకి వ్యతిరేకం కాదు. తమిళనాడులో ఆర్. కృష్ణమూర్తి నాణేల సేకర్తే. కరూర్, మదురైలలో దొరికిన ఈ కాలపు రోమన్ రాగి నాణేల మీద ఆయన 1994లో పుస్తకం తెచ్చారు. ఆ ఊళ్ల పేర్లు తీసేసి చూడండి, రోమ్ చిల్లర ఇంత దూరం వచ్చిందన్న సంగతే మాయమవుతుంది. మన కోటిలింగాల సంగతీ అంతే. చిముకుడి పేరున్న నాణేలు గోదావరి ఒడ్డున ఆ ఊళ్లో దొరికాయని తెలుసు కాబట్టే శాతవాహనుల మొదలు గురించిన చర్చ తెలంగాణ వైపు తిరిగింది. అవే నాణేలు చోటు చెప్పకుండా ఏ వేలంలోనో తేలి ఉంటే, ఎవరి ఆల్బమ్‌లోనో అందంగా కూర్చునేవి. అంతే.

ఇంగ్లండ్, వేల్స్‌లలో 1997 నుంచి పోర్టబుల్ యాంటిక్విటీస్ స్కీమ్ నడుస్తోంది. మెటల్ డిటెక్టర్ పట్టుకుని పొలాల్లో తిరిగే మామూలు మనుషులు తమకి దొరికినదాన్ని, దొరికిన చోటుతో సహా నమోదు చేయించుకోవచ్చు. అంటే హాబీకీ చరిత్రకీ పుట్టుకతో వైరమేం లేదు. బాల్కన్ దేశాల్లో అనుమతి లేకుండా తవ్వి దాటించిన సరుక్కి ఆ నమోదు ఉండదు, ఎందుకంటే చోటు చెప్పడమంటే నేరం ఒప్పుకోవడమే. కొనేవాడు అడగడు కాబట్టి అమ్మేవాడు చెప్పడు. అమ్ముడవుతోంది కాబట్టి రేపు రాత్రి ఇంకో పొలంలో ఇంకో గొయ్యి పడుతుంది.

కాబట్టి ‘కాపాడుతున్నాం’ అనే మాట ఇక చాలు. వెత్రానియోను చూడాలనుకుంటే అమెరికన్ న్యూమిస్మాటిక్ సొసైటీ వాళ్ల రోమన్ నాణేల కేటలాగ్ ఆన్‌లైన్‌లో ఉచితంగా ఉంది, తనివితీరా చూసుకోవచ్చు. సొంతం చేసుకోవాలనే ఉంటే, డబ్బు కట్టే ముందు ఒకే ఒక్క ప్రశ్న అడగండి: ఇది ఎక్కడ దొరికింది? జవాబు రాకపోతే కొనకండి. కొంటే కొన్నారు, దాన్ని చరిత్ర మీద ప్రేమ అని మాత్రం అనకండి.