కింద రెండు లైన్లు రాయండి మియా

మన ఇళ్లలో ఇప్పుడు టీవీ కన్నా ఫోనే ఎక్కువ మోగుతోంది. బయాన్లు, ముషాయిరాలు, హలీమ్ వంట, హజ్ తర్బియత్, స్కాలర్‌షిప్ ఫారం నింపడం, అన్నీ వీడియోలే. మన గల్లీ కుర్రాళ్లు కూడా చానెళ్లు పెట్టారు, మాషాఅల్లా. మంచి కెమెరా, మంచి మైకు, వెనక రంగు లైట్లు. ఒక్కటే తక్కువ. మాట్లాడే మాట తెర కింద అక్షరాల్లో కనబడదు. క్యాప్షన్లు వేయనందువల్ల మన వీడియోలు మనవాళ్లకే సగం చేరడం లేదన్నది నా షికాయత్.

మా ఫుప్పూకు డెబ్బై దాటాయి. ఒక చెవి పూర్తిగా పోయింది, రెండోది సగం. హజ్ దరఖాస్తు పెట్టినప్పటి నుంచి తర్బియత్ వీడియోలు చూస్తోంది. ఫోన్ చెవికి ఆనిస్తే బొమ్మ కనబడదు, బొమ్మ చూస్తే మాట వినబడదు. "క్యా బోల్రై బేటా ఉనో, సాత్ కి సాఠ్?" అని నన్నడిగింది. ఏడా, అరవయ్యా అని. ఆయన చెబుతున్నది జమరాత్ దగ్గర కొట్టే కంకర్ల లెక్క. పదో తారీఖున పెద్ద జమరా ఒక్కదానికే 7. పదకొండు, పన్నెండు తారీఖుల్లో మూడింటికీ ఏడేసి చొప్పున రోజుకు 21. మొత్తం 49. పదమూడున కూడా మినాలో ఆగితే 70. ఈ లెక్క బాగా వినబడేవాళ్లకే ఒకసారికి తలకెక్కదు. ఫుప్పూ ఉర్దూ చక్కగా చదువుతుంది, తెలుగు కూడబలుక్కుంటుంది. చదవడానికి అక్కడ అక్షరం ఉంటే కదా! పెద్దవయసు హాజీల కోసం తీసిన వీడియో మొత్తం భారం వాళ్ల చెవుల మీదే వేసింది.

పిల్లల సంగతి వేరు. వాళ్ల చెవులు బాగానే ఉన్నాయి, జుబానే చేజారుతోంది. నేను ఉర్దూ మీడియంలో చదివి తెలుగులో డిగ్రీ చేసినవాణ్ని. రెండు లిపులూ నా చేతిలో ఉన్నాయి. మా పిల్లలకు అలీఫ్ బే ఖురాన్ వరకే, ఉర్దూ అఖ్బార్ ఇస్తే తిప్పి చూసి పక్కన పెడతారు. ఇంట్లో దక్కనీ గలగలా మాట్లాడతారు గానీ మౌలానాగారు 'ఇస్తిఖామత్' అనో 'ఈసార్' అనో అనగానే దారి తప్పుతారు. ఇక ఇంటి భాషే తెలుగైన నూర్‌బాషా కుటుంబాలకు ఆ బయాన్ ఎంత అందుతుందో మీరే ఆలోచించండి. 'ఈసార్' అని తెలుగు లిపిలో వేసి, పక్కనే 'తనకు అవసరమున్నా ఎదుటివాడికి ఇచ్చేయడం' అని రాస్తే, ఒక లఫ్జ్ ఇంకో తరానికి దాటుతుంది.

ఇది నా ఒక్కడి ఖయాల్ కాదు. అహ్మదాబాద్ ఐఐఎంలో పనిచేసిన బ్రిజ్ కొఠారీకి 1996లో ఇలాంటి ఆలోచనే వచ్చింది. సినిమా పాట కింద అదే భాషలో పాట మాటలు వేస్తే, చదువు అంతంతమాత్రంగా వచ్చినవాళ్లకు చదవడం అలవాటవుతుందని. తర్వాత దూరదర్శన్ 'చిత్రహార్', 'రంగోలీ'ల్లో హిందీ పాటల కింద హిందీ అక్షరాలే నడిచాయి. పాట నోటికి వచ్చిందే కాబట్టి కళ్లు అక్షరాల వెంట వాటంతట అవే పోతాయి.

"యూట్యూబే వేస్తోంది కదా భాయ్" అంటారు. నిజమే. 2009లో ఆటోమేటిక్ క్యాప్షన్లు తెచ్చిన బృందంలో ముఖ్యుడైన కెన్ హారెన్‌స్టీన్ తానే వినలేని ఇంజినీరు. ఆ మెహనత్‌కు సలాం. కానీ ఒకే జుమ్లాలో తెలుగు క్రియ, ఉర్దూ మాట, దక్కనీ విరుపు కలిపేసే మనతో మెషీన్ వేగలేదు. 'నక్కో'ను 'నక్క' చేస్తే నవ్వుకుని ఊరుకుంటాం. దీనీ మాటల్లో అలా కుదరదు. అరబీలో ఖాఫ్ అక్షరంతో రాస్తే గుండె, కాఫ్‌తో రాస్తే కుక్క. రెండింటినీ 'కల్బ్' అని దించేస్తే ఏం గతి? ఇక్కడ మన దక్కనీ నాలుకే పనికొస్తుంది. ఖాఫ్‌ను 'ఖ' అని పలుకుతామని లక్నో వాళ్లు మనల్ని ఆటపట్టిస్తారు గానీ, తెలుగులో 'ఖల్బ్' వేరు, 'కల్బ్' వేరు అని చూపించగలిగేది ఆ పలుకుబడి వల్లే. కాబట్టి మెషీన్ ఇచ్చింది ముసాయిదా అనుకోండి. రెండు భాషలూ తెలిసిన మనిషి కూర్చుని దిద్దాలి.

పనేం పెద్దది కాదు. క్యాప్షన్ ఫైల్ అంటే మామూలు టెక్స్టే. వరస నంబరు, ఏ సెకండు నుంచి ఏ సెకండు దాకా, ఆ మధ్య పలికిన మాట. ఒకసారికి రెండు లైన్లు మించొద్దు, మాట్లాడేవారి మొహం మీదికి రావద్దు. యూట్యూబ్‌కైతే ఫైల్ విడిగా ఎక్కించండి. చూసేవారు అక్షరాలు పెద్దవి చేసుకోవచ్చు, వద్దంటే తీసేయవచ్చు. వాట్సాప్‌లో తిరిగే ముక్కలకు ఆ ఫైల్ వెంట రాదు, అక్షరాలు వీడియోలోనే కలిపేయాలి. చంటిపిల్ల పడుకున్న గదిలో, బస్సులో సౌండ్ తీసేసి చూసేవాళ్లకూ అదే ఆసరా.

పది నిమిషాల బయాన్ దిద్దడానికి నాకు గంట పడుతోంది. చానెల్‌వాళ్లకు అంత ఫుర్సత్ ఉండదు, తెలుసు. కానీ డిగ్రీ చదివి ఇంట్లో కూర్చున్న ఆడపిల్లలు మన గల్లీల్లోనే ఎందరున్నారు! ఉర్దూ వింటారు, తెలుగు తప్పుల్లేకుండా రాస్తారు. వాళ్లకు ఈ పని ఇవ్వండి. సవాబ్ వస్తుందిలే బేటీ అని ఊరికే చేయించుకోకండి. కెమెరా పట్టినవాడికి ఇచ్చినట్టే నిమిషానికి ఇంత అని మాట్లాడుకుని, మజూరీ వీడియో ఎక్కించిన రోజే చేతిలో పెట్టండి.