సున్నా కమీషన్ ఖాతా తెరిచేముందు ఆగండి

ఆపిల్ షేరో ఎన్విడియా షేరో కొనాలన్న ఉబలాటంతో ఈ వారం ఫోన్లో విదేశీ షేర్ల యాప్ దించుకున్నారా? డబ్బు పంపేముందు ఒక్క రోజు ఆగండి. కమీషన్ సున్నా అన్న మాట నిజమే అయ్యుండొచ్చు. ఖర్చు మాత్రం వేరే చోట కాచుకుని ఉంది.

ముందు చిన్న కోతలు. నెలకి 20 వేలు పంపుతూ, పంపినప్పుడల్లా బ్యాంకు ఛార్జీ వెయ్యి కడితే, షేరు కొనకముందే నూటికి ఐదు పోయినట్టు. డాలరు కూడా టీవీలో చెప్పే ధరకి మీకు దొరకదు. బ్యాంకు తన వాటా కలుపుకునే అమ్ముతుంది, తిరిగి తెచ్చుకునేటప్పుడు మళ్ళీ కత్తెర వేస్తుంది. ఏడాదిలో పంపింది 10 లక్షలు దాటితే, దాటినదానిపై 20 శాతం పన్ను (టీసీఎస్) ముందే పట్టుకుంటారు. రిటర్న్‌లో సర్దుబాటవుతుంది, నిజమే, కానీ అన్నాళ్ళూ ఆ సొమ్ము మీది కాదు. కాబట్టి యాప్‌లను పోల్చేటప్పుడు కమీషన్ గడి పక్కనపెట్టి ఒకే ప్రశ్న అడగండి: నేను లక్ష రూపాయలు పంపితే చివరికి ఎన్ని డాలర్లు ఖాతాలో పడతాయి?

తర్వాత, షేరు ఎవరి దగ్గరుంటుందో చూడండి. మన యాప్ చాలాసార్లు ముంగిలి మాత్రమే, వెనక అమెరికా బ్రోకర్ ఉంటాడు. అతని పేరు అక్కడి బ్రోకర్ల నియంత్రణ సంస్థ ఫిన్రా వారి బ్రోకర్‌చెక్‌లో ఉచితంగా వెతకొచ్చు. మదుపరుల రక్షణ సంస్థ సిపిక్‌లో సభ్యుడైతే, అతను దివాలా తీసినా 5 లక్షల డాలర్ల వరకు, అందులో నగదుకి 2.5 లక్షల వరకు రక్షణ ఉంటుంది. ధర పడితే ఎవరూ ఆదుకోరు. ఇక వాట్సాప్ గ్రూపులో పరిచయమైన "సార్" ఎవరిదో కరెంటు ఖాతాకి యూపీఐలో వెయ్యమన్నాడంటే అది మోసమే. విదేశీ షేర్లకి డబ్బు మీ బ్యాంకు నుంచే, ఫారం ఏ2 మీద, ఆర్‌బీఐ ఇచ్చిన ఏడాదికి 2.5 లక్షల డాలర్ల పరిమితిలో వెళ్ళాలి. ఇప్పటికే వేసేసినవాళ్ళు సిగ్గుపడుతూ కూర్చోకుండా వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యండి.

అసలు గొయ్యి ఇంకా ముందుంది, దాని గురించి ఏ ప్రకటనా చెప్పదు. మనం 1985లో వారసత్వ పన్ను ఎత్తేశాం, అమెరికా ఎత్తెయ్యలేదు. అక్కడి పౌరుడు కాని, అక్కడ స్థిరపడని మనిషి చనిపోతే, అతని పేరనున్న అమెరికా షేర్లలో 60 వేల డాలర్లకే మినహాయింపు. ఆపైన 26 శాతంతో మొదలై 40 దాకా పోతుంది. 2 లక్షల డాలర్ల షేర్లు వదిలి వెళ్ళిన మనిషి ఇంటివాళ్ళకి పన్ను దాదాపు 41,800 డాలర్లు. భార్యకే వస్తుంది కదా అంటారా? ఆమె అమెరికా పౌరురాలు కాకపోతే సాధారణంగా ఆ వెసులుబాటూ లేదు. 9 నెలల్లో అక్కడ రిటర్న్ వెయ్యాలి. అక్కడి పన్నుల శాఖ బదిలీ పత్రం ఇచ్చేదాకా బ్రోకర్ షేర్లు వదలకపోవచ్చు. పదిహేనేళ్ళు అక్కడ ఉండి, గ్రీన్‌కార్డు వదిలేసి విజయవాడకో కూకట్‌పల్లికో వచ్చి స్థిరపడ్డవాళ్ళకి ఇది మరీ గట్టిగా తగులుతుంది: అక్కడున్నన్నాళ్ళూ ఉన్న పెద్ద మినహాయింపు విమానం దిగాక పోయిందని చాలామందికి తెలియదు. అమెరికా కంపెనీల్లోనే పెట్టుబడి కావాలనుకునేవాళ్ళు ఐర్లాండ్‌లో నమోదైన ఫండ్ల గురించి సలహాదారుని అడగండి. వాటికి ఈ పన్ను అంటదు.

ఇక్కడి చట్టం కూడా తక్కువ తినలేదు. విదేశీ షేరు ఒక్కటున్నా ఐటీఆర్-1 పనికిరాదు. విదేశీ ఆస్తుల పట్టిక అయిన షెడ్యూల్ ఎఫ్‌ఏలో చూపాలి, అదీ జనవరి నుంచి డిసెంబరు లెక్కన. గచ్చిబౌలి, మాదాపూర్ కంపెనీల్లో జీతంతోపాటు మాతృసంస్థ షేర్లు వచ్చినవాళ్ళు "నేను కొనలేదు కదా" అని వదిలేస్తుంటారు. చూపకపోతే నల్లధనం చట్టం కింద ఏడాదికి 10 లక్షల జరిమానా పడొచ్చు. 2024 అక్టోబరు నుంచి, స్థిరాస్తి కాకుండా విదేశీ ఆస్తులు మొత్తం 20 లక్షలు దాటనివాళ్ళకి ఆ జరిమానా లేదు, అంతే తప్ప చూపాల్సిన బాధ్యత పోలేదు. దాచినా దాగదు. ఆ ఖాతాల వివరాలు అమెరికా నుంచి మన పన్నుల శాఖకి వస్తూనే ఉన్నాయి.

ఇప్పటికే ఖాతా ఉన్నవాళ్ళు చౌక బ్రోకర్ దగ్గరికి మారేముందు ఒకటి గమనించండి: షేరులో ముక్కలు కొని ఉంటే అవి సాధారణంగా బదిలీ కావు, అమ్మి తీరాలి, లాభముంటే పన్నూ కట్టాలి. మీరు అమెరికావాళ్ళు కాదని బ్రోకర్‌కి ఇచ్చిన డబ్ల్యూ-8బెన్ ఫారం ఎప్పుడు సంతకం పెట్టారో కూడా చూసుకోండి. సంతకం చేసిన ఏడాది తర్వాత మూడో ఏడాది ఆఖరుకి దాని గడువు తీరుతుంది, తీరితే డివిడెండ్‌లో 25 బదులు 30 శాతం కోసేస్తారు. అది సరిచూసుకున్నాక బ్రోకర్ పేరు, ఖాతా నంబరు ఒక కాగితం మీద రాసి ఇంట్లోవాళ్ళకి ఇవ్వండి. పాస్‌వర్డు అక్కర్లేదు.