మల్లీశ్వరి ఊరికి వెళ్ళిపోతే మనకేం పోయింది?

"అంత కథా నడిచి చివరికి ఏమయింది? రాజుగారు దయతలిచారు, ఆమె బావ చెయ్యి పట్టుకుని ఊరికి వెళ్ళిపోయింది. అంతేగా!" 'మల్లీశ్వరి' సినిమా మాట వచ్చినప్పుడల్లా మన సంఘాల్లో పనిచేసేవాళ్ళ నోట వినిపించే మాట ఇది. మొన్న సికింద్రాబాదులో మేం కొందరం కలిసి ఆ సినిమా మళ్ళీ చూసినప్పుడూ ఇదే వచ్చింది. ఈసారి అన్నది మా తరంవాళ్ళు కాదు, పాతికేళ్ళలోపు పిల్లలు. వాళ్ళు రాత్రిళ్ళు ఫోన్లలో చైనా చారిత్రక సీరియళ్ళు చూస్తున్నారు. సింహాసనాలు, అంతఃపురాలు, విషప్రయోగాలు అన్నీ దాటి, నలభై భాగాల తర్వాత ఆ జంట ఏ కొండ పక్కనో చిన్న ఇల్లు కట్టుకుని వెళ్ళిపోతే వీళ్ళకి కోపం. "చప్పగా ముగించేశారు" అంటారు. రాజ్యమన్నా దక్కాలి, లేకపోతే ప్రాణమన్నా పోవాలి. మధ్యలో బతకడం అనేది కథ కాదని వాళ్ళ అభిప్రాయం.

పిల్లల కోపాన్ని నేను తప్పుపట్టను. కానీ ఉద్యమాల్లో ఉన్న మనం కూడా అదే అభిరుచితో ఆలోచిస్తున్నామా అన్నది నా అనుమానం. ప్రేమించినందుకు వేటాడబడిన జంటకి తగిన ముగింపు ఎవరి కంటా పడకుండా బతకగలగడమే అని నేననుకుంటాను. మనకి అది చప్పగా అనిపిస్తే లోపం ఆ జంటలో లేదు.

సినిమా సంగతి ముందు చూద్దాం. బి.ఎన్. రెడ్డి తీసిన 'మల్లీశ్వరి' 1951 డిసెంబరులో విడుదలైంది. భానుమతి, ఎన్.టి. రామారావు నటించారు. దేవులపల్లి కృష్ణశాస్త్రి మాటలూ పాటలూ రాశారు. కథ కృష్ణదేవరాయల కాలానిది. మల్లి, నాగరాజు మేనత్త మేనమామ పిల్లలు. నాగరాజు పేదవాడు, శిల్పి. డబ్బున్న అల్లుడు కావాలని మల్లి తల్లి ఆశ. ఒక వానరాత్రి మారువేషంలో వచ్చిన రాయలతో, ఆయనెవరో తెలియక, నాగరాజు వేళాకోళంగా ఒక మాట అంటాడు, మా మల్లికి రాణివాసం పల్లకీ పంపించమని. పల్లకీ నిజంగానే వస్తుంది. దానితోపాటు ధనమూ వస్తుంది. మల్లి వెళ్ళిపోవలసి వస్తుంది. రాణివాసంలోకి వెళ్ళిన ఆడది తిరిగి రాకూడదు. ఆమె కోసం లోపలికి వచ్చిన మగవాడికి మరణశిక్ష.

ఈ కథని ప్రేమకథ అని అందరూ అంటారు. నాకు మాత్రం ఇది ఒక ఆడపిల్ల గురించి ఆమెను తప్ప అందరినీ సంప్రదించిన కథ. బావ సరదాపడ్డాడు. రాజు ముచ్చటపడ్డాడు. తల్లి సంబరపడింది. ఊరు గర్వపడింది. పల్లకీ ఎక్కవలసిన మనిషిని మాత్రం ఎవరూ అడగలేదు. (నాగరాజు గొప్ప ప్రేమికుడని కన్నీళ్ళు పెట్టుకునేవాళ్ళు ఆ వేళాకోళాన్ని ఎందుకో మర్చిపోతారు. కథలో మొదటి అపరాధం అతనిదే.) మల్లికి జరిగిన అన్యాయమంతా ఆర్భాటం రూపంలోనే వచ్చింది. పల్లకీ, నగలు, రాచమర్యాద, అంతఃపురం ఇవన్నీ ఆమెను నలుగురూ చూడటానికి పెట్టిన ఏర్పాట్లు. అలాంటి మనిషికి న్యాయం ఏ రూపంలో రావాలి? ఇంకో ఆర్భాటంగానా? ఎవరూ చూడని చోటికి, తను మొదటినుంచీ ఉండాలనుకున్న చోటికి ఆమె వెళ్ళిపోవడంకంటే తగిన ముగింపు ఏముంటుంది?

మన చారిత్రక ప్రేమకథల్లో ఇది చాలా అరుదైన ముగింపని కూడా గుర్తుచేయాలి. ఇదే భానుమతి రెండేళ్ళ ముందు, 1949లో, 'లైలా మజ్ను'లో లైలాగా చనిపోయింది. 1953లో 'దేవదాసు' తాగి చచ్చాడు. 1955లో 'అనార్కలి' వచ్చింది. 1978లో 'మరో చరిత్ర' జంట కూడా మిగల్లేదు. తెలుగు ప్రేక్షకులు ఈ చావులన్నిటికీ ఏడ్చారు, మళ్ళీ మళ్ళీ చూశారు. అలా ఏడ్చినవాళ్ళలో ఎంతమంది తమ ఇంట్లో కూతురు కులం తక్కువ కుర్రాణ్ణి చేసుకుంటానంటే ఒప్పుకున్నారు? చచ్చిన జంటకి కన్నీళ్ళు పెట్టడం సులువు. వాళ్ళకి ఇల్లు అద్దెకివ్వనక్కర్లేదు, పేరంటానికి పిలవనక్కర్లేదు, వాళ్ళ పిల్లల పక్కన మన పిల్లల్ని కూర్చోబెట్టనక్కర్లేదు. విషాదాంతం పెత్తందార్లకి అనుకూలమైన ముగింపు.

ఇక్కడ ఒక బలమైన అభ్యంతరం ఉంది, దాన్ని దాటవేయలేను. 'మల్లీశ్వరి' విడుదలకి రెండు నెలల ముందే, 1951 అక్టోబరులో, తెలంగాణ సాయుధపోరాట విరమణ జరిగింది. దళాల్లో తిరిగిన, తుపాకులు మోసిన, కొరియర్లుగా పనిచేసిన స్త్రీలని తర్వాత ఏం చేశారో 1986లో స్త్రీ శక్తి సంఘటన వేసిన 'మనకు తెలియని మన చరిత్ర' చదివినవాళ్ళందరికీ తెలుసు. ఇక ఇళ్ళకి వెళ్ళండి అన్నారు. ఆ వెళ్ళడం ఎంత దుఃఖంగా మిగిలిపోయిందో ఆ పుస్తకంలోని ఆడవాళ్ళే చెప్పారు. కాబట్టి "ఆమె ఇంటికి వెళ్ళిపోయింది" అన్న వాక్యం వినగానే మనకి ఒళ్ళు మండటంలో న్యాయముంది. ఇంటికి వెళ్ళడం అనేది ఆడవాళ్ళకి ఎప్పుడూ ఎవరో ఒకరు వేసిన శిక్షే.

కానీ రెండూ ఒకటేనా? పోరాటంలో ఉన్న స్త్రీలు ఇంటికి పోతామనలేదు, వాళ్ళని పొమ్మన్నారు. మల్లి రాణివాసానికి వస్తాననలేదు, ఆమెను తెచ్చారు. ఒకరికి బయట ఉండాలన్న కోరిక, మరొకరికి ఊళ్ళో ఉండాలన్న కోరిక. రెండుచోట్లా ఆ కోరికను ఎవరూ లెక్కచెయ్యలేదు. వెళ్ళేది ఇంటికా అడవికా అని చూసి తీర్పు చెప్పడం మొదలుపెడితే మనం కూడా ఆ పోరాట నాయకత్వంలాగే, ఏది ప్రగతో మేమే చెబుతాం నువ్వు నడువు అన్నట్టే. నోరు మూయించడం వేరు, మాట్లాడనని మనిషి తనంతట తాను ఊరుకోవడం వేరు. మొదటిదాని మీద యాభై ఏళ్ళుగా పోట్లాడుతున్నాం. రెండోదాన్ని గుర్తుపట్టడం ఇంకా నేర్చుకోలేదు.

చైనా మాట ఎత్తాను కనుక అక్కడి సంగతి కూడా ఒకటి. 'మల్లీశ్వరి'ని 1953లో చైనా భాషలో ఉపశీర్షికలు వేసి బీజింగులో చూపించారు. ఇది మనవాళ్ళు గొప్పగా చెప్పుకునే విషయమే. కానీ ఆ సంవత్సరం అక్కడ ఏం జరుగుతోందో ఎవరూ చెప్పరు. 1950 మే 1న చైనా కొత్త వివాహచట్టం తెచ్చింది. బలవంతపు పెళ్ళిళ్ళు చెల్లవు, స్త్రీ తన ఇష్టంతో చేసుకోవచ్చు, విడిపోవచ్చు అంది. చట్టం వచ్చాక కూడా ఆ ఇష్టాన్ని అడిగినందుకు ఎంతోమంది స్త్రీలు హత్యలకీ ఆత్మహత్యలకీ బలయ్యారు, ప్రభుత్వమే ఒప్పుకోవలసి వచ్చింది. దాంతో 1953 మార్చి నెలని వివాహచట్టం అమలు కోసం ప్రచార మాసంగా ప్రకటించారు. మన మల్లి ఊరికి తిరిగివెళ్ళిపోవడాన్ని చైనా ఆడవాళ్ళు చూసింది ఆ సంవత్సరంలో.

వాళ్ళకి అప్పటికే రెండు రకాల ముగింపులూ తెలుసు. ఒకటి చాలా పాత కథ, లియాంగ్ షాన్‌బో, ఝూ యింగ్‌తాయ్‌లది. వేరే పెళ్ళికి తీసుకుపోతుంటే దారిలో ప్రియుడి సమాధి తెరుచుకుంటే అందులోకి దూకుతుంది ఆ పిల్ల, ఇద్దరూ సీతాకోకచిలుకలవుతారు. 1954లో జెనీవాలో చౌ ఎన్‌లై దాన్ని విదేశీయులకి సినిమాగా చూపించి, ఇది మా రోమియో జూలియెట్ అని పరిచయం చేయించాడు. రెండోది జావో షూలీ 1943లో రాసిన కథ, షియావో అర్‌హెయ్ అనే పల్లెటూరి కుర్రవాడి పెళ్ళి గురించి. పెద్దవాళ్ళ మూఢనమ్మకాలనీ ఊరి దౌర్జన్యపరులనీ దాటి ఆ జంట మామూలుగా పెళ్ళి చేసుకుని మామూలుగా కాపురం చేస్తారు. ఆ కథకి ఆధారమైన నిజజీవితంలో కుర్రవాణ్ణి కొట్టి చంపేశారు, ఊళ్ళో పదవులున్నవాళ్ళే. జావో షూలీ చావుని తీసేసి కాపురం రాశాడు. నిజాన్ని దాచాడని విమర్శించవచ్చు. నేను మాత్రం ఆ పని సమర్థిస్తాను. చచ్చిపోయిన జంట గురించి ఊళ్ళన్నిటికీ తెలుసు. ఇరుగుపొరుగుల మధ్య అన్నం వండుకుంటున్న జంట ఎలా ఉంటుందో ఎవరూ చూడలేదు. ఆ రెండో బొమ్మ చూపించడానికే రచయిత కావాలి.

అయితే రెండింటిలోనూ నన్ను ఇబ్బందిపెట్టేది ఒకటుంది. ముగింపు ఎవరి చేతుల్లోంచి వచ్చింది? 'మల్లీశ్వరి'కి ఆధారమైన బుచ్చిబాబు రచన పేరు 'రాయలవారి కరుణకృత్యము'. పేరులోనే ఉంది, అది కరుణ. పల్లకీ పంపింది రాయలే, మరణశిక్ష ఆయన శాసనం ప్రకారమే, క్షమాభిక్ష కూడా ఆయనదే. చైనా కథలోనూ పైనుంచి ప్రభుత్వ అధికారి వచ్చి మీ పెళ్ళి న్యాయమే అని తేల్చాకే జంట ఊపిరి పీల్చుకుంటుంది. రాజు స్థానంలోకి పార్టీ వచ్చింది. మనం కోపం తెచ్చుకోవలసింది ఇక్కడ. ముగింపు ఎందుకింత నెమ్మదిగా ఉందని కాదు, ఆ నెమ్మది హక్కుగా కాక భిక్షగా ఎందుకు దొరికిందని.

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. 2018 మార్చి 27న శక్తివాహిని కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఇష్టపడి పెళ్ళి చేసుకున్న యుక్తవయస్కుల జోలికి ఖాప్ పంచాయతీలు రాకూడదంది. జంటల రక్షణకి ప్రతి జిల్లాలో ప్రత్యేక విభాగం, ఇరవైనాలుగు గంటల హెల్ప్‌లైన్ ఉండాలంది. సురక్షిత గృహాల గురించి ఆలోచించమని రాష్ట్రాలకి చెప్పింది. ఆరు నెలలు తిరక్కుండానే, సెప్టెంబరులో, మిర్యాలగూడలో ఒక దళిత యువకుణ్ణి ఆసుపత్రి బయట, గర్భవతి అయిన భార్య పక్కనే ఉండగా నరికి చంపారు. డబ్బిచ్చి చంపించింది ఆమె తండ్రి. 2022 మేలో సరూర్‌నగర్‌లో నడివీధిలో మరో దళిత యువకుణ్ణి ముస్లిం అయిన భార్య అన్న చంపాడు.

మిర్యాలగూడ హత్య తర్వాత "వాళ్ళు అదే ఊళ్ళో ఉండటమెందుకు, పెళ్ళి వీడియోలు పెట్టుకోవడమెందుకు, గుట్టుగా ఉండాల్సింది" అన్న పెద్దమనుషులున్నారు. నేను చెబుతున్న నెమ్మది అది కాదు. గుట్టుగా దాక్కోవడం రాణివాసానికి ఇంకో పేరు. భార్యని డాక్టరుకి చూపించుకుని సాయంత్రానికి ఇంటికి తిరిగి రాగలగడం, అదే ఊళ్ళో, అదే వీధిలో, నేను చెప్పే నెమ్మది. ఫొటో పెట్టుకోవాలంటే పెట్టుకోవడం, తీసెయ్యాలంటే తీసెయ్యడం కూడా అందులో భాగమే. 2025 మార్చిలో నల్గొండ కోర్టు ఒకరికి మరణశిక్ష, ఆరుగురికి యావజ్జీవం వేసింది. ఈ ఆరున్నరేళ్ళలో ఆ అమ్మాయి జీవితం గురించి అభిప్రాయం చెప్పనివాళ్ళు లేరు. ఏం కట్టుకుంది, ఎందుకు నవ్వింది, మళ్ళీ పెళ్ళి చేసుకుంటుందా? 2020లో ఒక దర్శకుడు ఆ ఘటన మీద సినిమా తీస్తే కుటుంబం కోర్టు మెట్లెక్కవలసి వచ్చింది. చంపినవాళ్ళు ఆమెకి ఆ సాయంత్రాన్ని లేకుండా చేస్తే, మిగతా సమాజం ఆ తర్వాతి సాయంత్రాలన్నిటినీ తీసుకుంది.

మనం ఏం తక్కువ తిన్నాం? కులాంతర వివాహం చేసుకున్న జంట మన దగ్గరికి రక్షణ కోసం వస్తుంది. వాళ్ళకి కావలసింది ఒక గది, ఒక ఉద్యోగం, పోలీస్ స్టేషనులో "కౌన్సెలింగ్" పేరుతో అమ్మాయిని తల్లిదండ్రుల ఎదుట కూర్చోబెట్టకుండా ఆపే మనిషి. మనం ఇస్తామనేది ప్రెస్ మీట్, ఆదర్శ దంపతులకి శాలువా, మార్చి 8న వేదిక మీద కుర్చీ. ఆ ఫొటో మన వార్షిక నివేదిక అట్ట మీదికి వస్తుంది. ప్రచారమే రక్షణ అయ్యే సందర్భాలున్నాయి, కాదనను. నలుగురికీ తెలిస్తే చంపడానికి భయపడతారు. కానీ ఆ నిర్ణయం వాళ్ళది కావాలి. ఆరు నెలల తర్వాత "అక్కా, ఇక మా పేరు ఎక్కడా వెయ్యకండి" అంటే "చైతన్యం తగ్గిపోయింది" అని నిట్టూర్చడం మానాలి. నిధులిచ్చే సంస్థ విజయగాథ అడిగితే, ఆ జంటని అడక్కుండా రాసి పంపడం కూడా మానాలి.

చట్టం చేస్తున్న ఆర్భాటం మరొకటి. 1954 ప్రత్యేక వివాహచట్టం కింద మతాంతర జంట రిజిస్టరు పెళ్ళికి నోటీసు ఇవ్వాలి. 6వ సెక్షన్ ప్రకారం ఆ నోటీసుని ఆఫీసులో అందరికీ కనిపించే చోట అంటిస్తారు. శాశ్వత నివాసం వేరేచోటైతే అక్కడి అధికారికీ ఒక కాపీ వెళుతుంది, అక్కడా అంటిస్తారు. ముప్ఫై రోజులు ఎవరైనా అభ్యంతరం చెప్పవచ్చు. హిందూ వివాహచట్టం కింద చేసుకునేవాళ్ళకి ఈ బాధ లేదు. సొంత ఇంటివాళ్ళ నుంచి ప్రాణభయం ఉన్నవాళ్ళకి మాత్రం ప్రభుత్వమే వాళ్ళ పేర్లూ చిరునామాలూ గోడకి అంటించి నెలరోజులు గడువిస్తుంది. జంటలు ఆర్యసమాజ మందిరాలకి పరుగెత్తడానికి ఇదొక కారణం. అందుకోసం ఇద్దరిలో ఒకరు మతం మారవలసి వస్తుంది. 2021 జనవరిలో అలహాబాదు హైకోర్టు, జంట కోరితే తప్ప నోటీసు ప్రచురించనక్కర్లేదని చెప్పింది. అది ఆ రాష్ట్రానికి.

మన రెండు రాష్ట్రాల్లోనూ అదే అడగాలి. రిజిస్ట్రారు ఆఫీసుకి వెళ్ళే ప్రతి జంటతోపాటు మన సంఘం నుంచి ఒకరు వెళ్ళి, నోటీసు అంటించవద్దని లిఖితపూర్వకంగా కోరి, నిరాకరిస్తే ఆ నిరాకరణని కూడా కాగితం మీదే తీసుకోవాలి. అలాంటి కాగితాలు ఓ పాతిక పోగైతే హైకోర్టుకి తీసుకెళ్ళడానికి మన దగ్గర లాయర్లు లేకపోలేదు. ఆ పిటిషన్లో జంటల పేర్లు మాత్రం వద్దు.