హెచ్చరిక: ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ మీద పడే చుక్క

మన విజయవాడలో పాత కారున్నవాళ్లు ఈ రాత్రే ఒక పని చేయాలి. బండి కింద ఓ అట్టముక్క పరిచి పడుకోండి. తెల్లారి దాని మీద నల్లటి మరకో, తేనెరంగు మరకో కనిపిస్తే ఆ బండిని అలాగే బందరు రోడ్డెక్కించకండి. "పాతబండి కదా, ఆ మాత్రం కారదా" అని సరిపెట్టుకుని లీటరు ఆయిల్ డబ్బా డిక్కీలో వేసుకుని తిరిగేవాళ్లు మనలో చాలామందే ఉన్నారు. ఈ ఎండల్లో ఆ ధీమా పనికిరాదు.

నేల మీద పడ్డ చుక్క నిజానికి నయం, కంటికి కనబడుతుంది. భయమంతా కనబడని చుక్కతోనే. ఇంజను నెత్తినుండే ట్యాపెట్ కవర్ ప్యాకింగ్ ఏళ్లతరబడి ఉడికి ఉడికి అప్పడంలా పెళుసెక్కుతుంది. అక్కడ కారే ఆయిల్ ఒక్కోసారి కిందిదాకా రాదు. పక్కనున్న ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ మీద పడి అక్కడే మాడిపోతుంది. ఆయిల్ సుమారు 200 డిగ్రీలు దాటి కాగితే దాని ఆవిరికి నిప్పురవ్వ తగిలితే చాలు. ఏసీ వేసుకుని, ఐదుగురిని ఎక్కించుకుని పరుగెత్తే బండిలో మానిఫోల్డ్ అంతకు రెట్టింపు కాగుతుంది. చాలాసార్లు పొగతోనే పోతుందన్నది నిజమే. కానీ ఆయిల్ నానిన దుమ్ము, ఎలుక లాక్కొచ్చి దాచుకున్న గడ్డి, తొక్క ఊడిన వైరు ఒక్కచోట చేరితే ఆ పొగే మంటవుతుంది. బెంజిసర్కిల్ దగ్గర ఆగినప్పుడు మాడువాసన వస్తే పక్క లారీ మీదకు నెట్టేయకండి. పొగ కనబడితే బండి పక్కకు తీసి, ఇంజను ఆపి, అందరూ దిగి దూరంగా వెళ్లి 101కి ఫోన్ చేయండి. బానెట్ పైకెత్తితే గాలి తగిలి మంట ఎగుస్తుంది. నీళ్లు అసలు పోయకండి.

ఇక బాగుచేయించే సంగతి. ఆయిల్ పైనుంచి జారుతుంది, గాలికి వెనక్కి పాకుతుంది. అందుకే చుక్క పడేచోటు ఒకటి, కారేచోటు ఇంకొకటి. పైన ట్యాపెట్ కవర్ కారుతుంటే కింద ఆయిల్ ఛాంబర్ విప్పించుకున్నవాళ్లు ఎందరో! ఇంజను చల్లారాక మడ్డి అంతా శుభ్రంగా తుడిపించి, ఇరవై నిమిషాలు బండి నడిపి, టార్చి వేసి పైనుంచి కిందికి చూడమనండి. ఆయిల్ మార్పించిన వారంలోనే కారుతోందంటే డ్రైన్ నట్టుకు పాత వాషరే వేసి ఉంటారు, లేదా పాత ఫిల్టర్ రబ్బరు ఇంజనుకే అతుక్కుని ఉండగా కొత్త ఫిల్టర్ బిగించి ఉంటారు.

కొత్త సీలు వేసినా నెల తిరక్కుండా మళ్లీ కారుతోందా? అప్పుడు తప్పు సీలుది కాకపోవచ్చు. ఇంజను లోపలి ఆవిర్లు బయటికి పోయే పీసీవీ వాల్వు మూసుకుపోతే, ఆ ఒత్తిడికి ఆయిల్ ఎక్కడ సందు దొరికితే అక్కడ తన్నుకొస్తుంది. చిన్న వాల్వు, చిన్న ఖర్చు. అయినా చూసేవాళ్లు తక్కువ. ప్యాకింగ్ బదులు సిలికాన్ గమ్ము దట్టంగా పూస్తామంటే మాత్రం ఒప్పుకోకండి. లోపలికి పొంగిన గమ్ము ముక్కలై ఛాంబర్‌లోని జల్లెడకు అడ్డం పడితే ఆయిల్ పైకెక్కదు. ఆయిల్ ఎర్రలైటు వెలిగేది అప్పుడే. అది వెలిగాక "ఇల్లు దగ్గరే కదా" అని నడిపితే ఇంజను బిగుసుకుపోతుంది.

సెకండ్ హ్యాండ్ బండి కొనేవాళ్లకు ఇంకో మాట. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్, పాయకాపురం వైపు లెక్కలేనన్ని బండ్లు రోజుల తరబడి నీళ్లలో నానాయి. అలాంటిది మీ చేతికి రావచ్చు, అందుకే బేరమాడే ముందు ఛాంబర్ అడుగున తుప్పు తడిమి చూడండి. గేజ్ కడ్డీ తీస్తే ఆయిల్ పాలు కలిపిన టీలా ఉంటే వెనక్కి తిరిగి వచ్చేయండి.

బండిలోంచి తీసిన మడ్డాయిల్ కాలవలో పారబోయకండి. 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నిబంధనల కిందికి అది వస్తుంది. రైవస్, బందరు కాలవల నీళ్లే దిగువన చెరువుల్లో నింపుకుని తాగుతారు.

అన్నిటికంటే ముందు, జాకీ ఒక్కటే పెట్టి బండి కిందకు దూరకండి. మన నల్లరేగడి మీద, కాలవగట్టు మీద జాకీ మెల్లగా దిగబడుతుంది, ఒరుగుతుంది. ఇటుకలు పేర్చినా బరువుకు పగులుతాయి. గట్టి సిమెంటు నేల, రెండు ఇనుప స్టాండ్లు, చక్రాలకు అడ్డు దుంగలు లేకుంటే, అట్టముక్క తీసుకుని మెకానిక్ దగ్గరికి వెళ్లండి. మరక ఎక్కడ పడిందో, ఏ రంగో చూస్తే అతనికి సగం పని తెలిసిపోతుంది.