దురద ఆగింది, జబ్బు పెరిగింది

సాయంత్రం షిఫ్టు మారే వేళ సూరత్ లింబాయత్‌లో ఏ మందుల షాపు ముందైనా కాసేపు నిలబడండి. సాంచాల మీద నుంచి, అంటే మరమగ్గాల మీద నుంచి, దిగిన మనిషి వస్తాడు. తాత కాలంలో కరీంనగర్ నుంచో వరంగల్ నుంచో వచ్చి స్థిరపడిన మన పద్మశాలి కావచ్చు, గంజాం నుంచి వచ్చిన ఒడియా కుర్రాడు కావచ్చు. గొంతు తగ్గించి దురద అంటాడు, నడుము మీద చెయ్యి పెడతాడు. కౌంటరు వెనకున్నవాడు తలెత్తడు. చొక్కా పైకెత్తమనడు. ఎన్నాళ్ల నుంచి ఉంది, ఇంట్లో ఇంకెవరికైనా ఉందా అని అడగడు. చెయ్యి దానంతట అదే అరలోకి పోతుంది. ఒక ట్యూబు, కొంత చిల్లర. అయిపోయింది వైద్యం.

ఆ ట్యూబులో ఏముందో ఎవరైనా మీకు చెప్పారా? ఫంగస్ మందు ఒకటి, బాక్టీరియా మందు ఒకటి, వాటితో కలిపి స్టెరాయిడ్. బీటామెథసోన్ కావచ్చు, క్లోబెటసాల్ కావచ్చు. క్లోబెటసాల్ అంటే చర్మానికి పూసే స్టెరాయిడ్లన్నిటిలోకీ బలమైన తరగతిది. ఫంగస్ వల్ల వచ్చే తామర మీద దాన్ని పూయడమంటే ఇంట్లో దొంగ దూరినప్పుడు మొరిగే కుక్క మూతి కట్టేయడమే. ఎరుపు, మంట, దురద... ఇవన్నీ ఫంగస్‌తో ఒళ్లు చేసే పోరాటం. స్టెరాయిడ్ ఆ పోరాటాన్ని ఆపేస్తుంది. రెండు రోజుల్లో దురద పోతుంది. ఫంగస్ పోదు, హాయిగా పాకుతుంది. ట్యూబు అయిపోగానే దురద రెట్టింపై తిరిగొస్తుంది. మళ్లీ అదే షాపు, అదే ట్యూబు. ఆరు నెలలు గడిచేసరికి నడుము మీద రూపాయంత ఉన్న మచ్చ తొడలకు, పిరుదులకు, పొట్టకు పాకి ఉంటుంది. ఇంట్లో పెళ్లానికి, పిల్లలకు అంటుకుని ఉంటుంది.

మామూలు తామరను గుర్తుపట్టడం కష్టం కాదు. గుండ్రంగా ఉంటుంది, అంచు ఎర్రగా ఉబ్బి పొలుసు కడుతుంది, నడుమ చర్మం తేటపడుతుంది. స్టెరాయిడ్ పడిన తామరకు ఆ అంచు చెరిగిపోతుంది, లేదా వలయంలో వలయం లేస్తుంది. గజ్జల్లో చర్మం పలచబడి చారలు చారలుగా చిట్లుతుంది. ఫంగస్ తగ్గినా ఆ చారలు మాత్రం ఇక పోవు. ఈ మారువేషపు తామరను వైద్యులు 1968లోనే వర్ణించి పెట్టారు. ఇన్నేళ్ల తర్వాత మన బస్తీల్లో దాన్ని ట్యూబుల లెక్కన తయారు చేస్తున్నాం.

ఇక్కడ ఒక పెద్దమనిషి లేస్తాడు. "వాళ్లకు శుభ్రత తెలీదండీ, అందుకే ఈ జబ్బులు" అంటాడు. అయ్యా, మీ ఒంటి మీద మెరిసే చీర, చొక్కా ఎక్కడివి? పన్నెండు గంటల షిఫ్టు, గాలాడని షెడ్డు, చెమటకు ఒంటికి అతుక్కుపోయే పాలిస్టర్ బట్ట, ఒకడు డ్యూటీకి లేచిపోగానే ఇంకొకడు వాలే అదే పరుపు. ఆ గదికి కిటికీ పెట్టనిది ఎవరు? నీళ్లు వచ్చే వేళకు సాంచా దగ్గర నిలబెట్టింది ఎవరు? చేసిందంతా మీరు చేసి, మురికి అనే మాట అతని మీదికి తోస్తారా?

డాక్టర్లను వదిలేస్తానని అనుకోకండి. చర్మం గీరి ఆ పొట్టును గాజు పలక మీద వేసి, ఒక చుక్క పొటాషియం హైడ్రాక్సైడ్ వేసి కాసేపాగి మైక్రోస్కోపులో చూస్తే ఫంగస్ ఉంటే కొమ్మలు కొమ్మలుగా దారాలు కనబడతాయి. దారం చూసి బతికే ఊరికి ఈ దారం చూపించే డాక్టర్లు ఎంతమంది? జుట్టు నాటడానికి, లేజరుకు గది ఉంటుంది కానీ ఒక మైక్రోస్కోపుకు బల్ల ఉండదు. ఇక గల్లీ క్లినిక్కులో కుర్చీలోంచి లేవకుండానే చీటీ రాసేవాళ్ల సంగతి చెప్పేదేముంది? దురదంతా తామరే కాదు. వేళ్ల సందుల్లో పొక్కులు, రాత్రయితే పెరిగే దురద, గదిలో అందరికీ అదే గోల అయితే అది గజ్జి. పర్మెత్రిన్ అనే పూత మందు మెడ నుంచి పాదాల దాకా ఒకే రాత్రి గదిలో అందరూ పూసుకోవాలి, వారం తర్వాత మళ్లీ పూసుకోవాలి. ఒక్కడికే ట్యూబు రాస్తే ఏం లాభం? అలాగే రంగు తగ్గిన మచ్చ మీద దూది పెట్టి, తెలుస్తోందా అని అడగాలి. తెలియకపోతే అది కుష్ఠు కావచ్చు, దానికి సర్కారు దవాఖానాలో మందులు ఉచితం. ఆ దూది ముక్క పెట్టడానికి తీరిక లేక ఏళ్లకేళ్లు తామర మందు పూయించారంటే, వంకర పోయిన ఆ వేళ్లకు ఎవరు జవాబు చెబుతారు?

చట్టం లేదా అంటే ఉంది. 2016 మార్చిలో కేంద్రం 344 మందుల మిశ్రమాలను నిషేధించింది. కంపెనీలు కోర్టుకు పోయాయి, అదే ఏడాది డిసెంబరులో ఢిల్లీ హైకోర్టు ఆ నిషేధాన్ని కొట్టేసింది. సుప్రీంకోర్టు మళ్లీ పరిశీలించమన్నాక, 2018 సెప్టెంబరులో 328 మిశ్రమాల మీద నిషేధం వచ్చింది. ప్యాండెర్మ్ ప్లస్ లాంటి క్రీములు అందులో పోయాయి. అలాంటి ఒక మిశ్రమంలో క్లోబెటసాల్, టెర్బినఫిన్, ఓఫ్లాక్సాసిన్, వాటికి తోడు అమీబా విరేచనాలకు వాడే ఆర్నిడజోల్! తామరకు అమీబా మందెందుకు? రోగం ఏదో తేల్చకుండానే అమ్ముకోవడానికి. అదే ఏడాది పూత స్టెరాయిడ్లను చీటీ లేకుండా అమ్మకూడదని షెడ్యూల్ హెచ్‌లో చేర్చారు. హెచ్చరిక అట్ట మీద ఇంగ్లీషులో, చీమ తలకాయంత అక్షరాల్లో ఉంటుంది. చదవాల్సినవాడు తెలుగువాడు, ఒడియావాడు. అమ్మేవాడు చదవగలడు, అయినా అమ్ముతాడు. తనిఖీ చేయాల్సినవాడూ చదవగలడు, అయినా రాడు.

ఇదంతా కూలీల గోల, మాకెందుకు అనుకుంటున్నారా? మీ బాత్రూమ్ అద్దం వెనక చూడండి. ముఖం మీద చర్మ సమస్యలతో ఆసుపత్రులకు వచ్చిన 2,926 మందిని పరిశీలించి మన చర్మవైద్యులు 2011లో ఒక అధ్యయనం ప్రచురించారు. 433 మంది ముఖానికి స్టెరాయిడ్ పూస్తున్నారు. వాళ్లలో 126 మంది దాన్ని తెల్లబడటానికో, రోజువారీ క్రీముగానో, గడ్డం గీసుకున్నాకనో వాడారు. 257 మందికి దాన్ని చెప్పింది డాక్టరే కాదు. పెళ్లిచూపులకు ముందు కూతురి చేతిలో ఆ ట్యూబు పెట్టే తల్లులూ, ఆ చర్మం పలచబడి ఎండ సోకితే మండుతుంది, మొటిమలు, ముఖం మీద వెంట్రుకలు వస్తాయి. అప్పుడు ఆ పెళ్లికొడుకు తరఫువాళ్లే అడుగుతారు, ముఖానికేమైందని.

ఫంగస్ కూడా ఊరుకోలేదు. టెర్బినఫిన్‌కు లొంగని తామర మన దేశంలో ప్రబలింది. 2020లో దాన్ని ప్రత్యేక జాతిగా గుర్తించి ట్రైకోఫైటన్ ఇండోటినియే అని మన దేశం పేరే పెట్టారు. 2023లో అది న్యూయార్కులో బయటపడితే అమెరికా ఉలిక్కిపడింది. మనం ఉలిక్కిపడలేదు. అలవాటైపోయింది కదా!

1994లో ప్లేగు పేరు వినగానే సూరత్‌లో ఊరు ఊరంతా రైళ్లెక్కి పారిపోయింది. మరుసటి ఏడాది మునిసిపల్ కమిషనరుగా వచ్చిన ఎస్.ఆర్. రావు చెత్తను, అక్రమ కట్టడాలను, హోటళ్ల మురికిని వరసబెట్టి పట్టుకున్నాడు. దేశంలోనే మురికి నగరమన్న పేరున్న సూరత్, శుభ్రతకు ఉదాహరణ అయింది. తలచుకుంటే ఈ ఊరు చేయగలదు. తలచుకోవడం లేదు, ఎందుకంటే తామరతో ఎవడూ చావడు. గోక్కుంటూ సాంచా నడుపుతాడు, ఉత్పత్తి ఆగదు. అంతే కారణం.

చదువుతున్న మీకు ఒక పని చెబుతాను, చేయండి. ట్యూబు తిప్పి పేర్లు చూడండి. చదవలేకపోతే బడికి పోయే పిల్లతో చదివించండి. బీటామెథసోన్, మొమెటసోన్, క్లోబెటసాల్ అని ఉంటే తామర మీద పూయకండి. నెలల తరబడి ముఖానికి పూస్తున్నవాళ్లు ఒక్కసారిగా మానేయకుండా చర్మ డాక్టరును కలవండి, ఎలా తగ్గించాలో ఆయన చెబుతాడు. డబ్బు లేదంటే సూరత్‌లో సర్కారు దవాఖానాలు స్మిమేర్, న్యూ సివిల్ ఉన్నాయి. మందు మొదలుపెట్టాక దురద పోయిందని వారంలో ఆపకండి, వారాల తరబడి వాడాలి, ఇంట్లో ఉన్నవాళ్లందరినీ చూపించాలి. చీటీ లేకుండా స్టెరాయిడ్ అమ్మిన షాపులో బిల్లు అడిగి తీసుకోండి. ఆ బిల్లు, ఆ ట్యూబు పట్టుకుని గుజరాత్ ఆహార, ఔషధ నియంత్రణ అధికారుల ఆఫీసు మెట్లెక్కండి. ఒక్కరే వెళితే కూర్చోబెట్టి పంపేస్తారు. బస్తీ నుంచి యాభై మంది కలిసి వెళ్లండి.