తక్కువ తిరిగిన బండి

మా ఇంట్లో ఈమధ్య ఒక నెల రోజులపాటు మాటలు తగ్గాయి. కారణం ఒక కారు. కొన్న కారు కాదు సుమండీ, కొనని కారు.

మా బావమరిది బ్యాంకి ఉద్యోగి. ఇల్లు పటమటలో, బ్యాంకి బెంజి సర్కిలు దగ్గర. అతనికి చాలాకాలంగా ఒక రకం బండి మీద మనసు. పేరుమోసిన విదేశీ కంపెనీవారి డీజిలు బండి. అటు పూర్తిగా కారూ కాదు, ఇటు పూర్తిగా జీపూ కాదు. కారు ఒంటికి కాస్త పొడుగు కాళ్ళు తగిలించినట్లుంటుంది. క్రాసోవర్ అంటారు. తెలుగు మేష్టర్ని గనక నేను దాన్ని ద్వంద్వ సమాసమన్నాను. అతను నవ్వలేదు.

కొత్తలో నలభై లక్షలు పలికిన బండి. ఏడేళ్ళు నిండాయి. ఇప్పుడు పదమూడు లక్షలకే వస్తోందిట. "మామూలు కారు ఖరీదుకి సింహాసనం వస్తూంటే వదులుకుంటామా బావగారూ?" అన్నాడు. అమ్మేవారు ఒక డాక్టరుగారు. ఇంటి నుంచి ఆసుపత్రికి, ఆసుపత్రి నుంచి ఇంటికి. అంతకుమించి బండి గడప దాటలేదు. ఏడేళ్ళలో తిరిగింది ముప్పై ఒక్క వేల కిలోమీటర్లే. పెట్టెలో దాచిన పట్టుచీర లాంటి బండి అని బ్రోకరు వర్ణించాట్ట.

ఆ పదమూడు లక్షలూ ఎవరివంటారా? మా మామగారివి. హైస్కూలు హెడ్మాష్టరుగా రిటైరైనప్పుడు వచ్చిన సొమ్ము. తన కంటి ఆపరేషనుకీ, మనవరాలి ఇంజనీరింగు చదువుకీ అని బ్యాంకిలో దాచుకున్నారు. ఆయన నాకు ఫోను చేసి, "వాడు ముచ్చటపడుతున్నాడు అల్లుడుగారూ, అడ్డు చెప్పకండి. అయితే మీరొకసారి వెళ్ళి చూసి రండి" అన్నారు. చూసి రావాలి, అడ్డు చెప్పకూడదు! ఇటువంటి వాక్యానికి అన్వయం చెప్పడం నా చదువుకి అందని పని.

ఇంజన్ల సంగతి నాకేం తెలుసు? అంచేత ఆటోనగర్లో ముప్పై ఏళ్ళుగా డీజిలు ఇంజన్లు విప్పి బిగిస్తూన్న ఒక మేస్త్రీని ఆశ్రయించాను. వారి అబ్బాయి నా దగ్గర చదువుకున్నాడు. 

"ఎంత తిరిగింది మేష్టారూ?" అన్నాడాయన.

"ముప్పై ఒక్క వేలే" అన్నాను, బండి నాదే అయినంత గర్వంగా.

ఆయన మొహం చిట్లించాడు. "ఊళ్ళోనేనా తిరిగింది? అయితే డీజిలు బండికి అది మంచి మాట కాదండీ."

నాకు ఆశ్చర్యం వేసింది. మన ఇళ్ళల్లో దేన్నయినా తక్కువ వాడితే కొత్తగా వుంటుందనే గదా నమ్మకం! పట్టుచీర, వెండి చెంబు, పెళ్ళినాటి బూట్లు, అన్నీ అంతే. డీజిలు ఇంజను ఆ కోవలోది కాదుట. మేస్త్రీ చెప్పిన పాఠం నాకు అర్థమైనంతవరకు మీకూ అప్పజెబుతాను.

డీజిలు మండితే మసి వస్తుంది. ఆ మసి ఊరి మీదికి పోకుండా పొగగొట్టం దారిలో ఒక జల్లెడ పెడతారు. మన దేశంలో 2020 ఏప్రిల్ 1 నుంచి బి.ఎస్.-6 నిబంధనలు వచ్చాక కొత్త డీజిలు కార్లకు ఈ జల్లెడ దాదాపు తప్పనిసరి అయింది. అంతకు ముందే కొన్ని ఖరీదైన బండ్లకు వుండేది. జల్లెడ అన్నాక నిండుతుంది గదా! నిండినప్పుడు బండి తనంతట తానే కాసిని ఎక్కువ డీజిలు చిమ్ముకుని, జల్లెడను ఆరువందల డిగ్రీల దాకా వేడెక్కించి, ఆ మసిని బూడిద చేసేస్తుంది. ఇందుకు బండి ఒకే వేగంతో పది, ఇరవై నిమిషాలు ఆగకుండా పరుగెత్తాలి. హైవే మీద పోయే బండికి అది తెలియకుండానే జరిగిపోతుంది. 

ఊళ్ళో అయిదారు కిలోమీటర్లు తిరిగే బండికి ఆ యోగం లేదు. ఇంజను వేడెక్కేలోపల ఆసుపత్రి వచ్చేస్తుంది. మొదలుపెట్టిన దహనం సగంలో ఆగిపోతుంది. మళ్ళీ మొదలు, మళ్ళీ ఆపు. మండకుండా మిగిలిన డీజిలు గోడల వెంట జారి ఇంజను ఆయిలులో కలుస్తుంది. ఆయిలు పలచబడుతుంది. ఆ ఆయిలు మీదనే ఆధారపడి నిమిషానికి లక్షసార్లకు పైగా తిరగగల టర్బో వుంది, ఇంజను లోపలి గొలుసు వుంది, బేరింగులున్నాయి. మజ్జిగలో నీళ్ళు కలిపితే రుచి పోతుంది. ఇంజను ఆయిలులో డీజిలు కలిస్తే ఆయువు పోతుంది.

"మనిషికి నడక ఎలాగో దీనికి పరుగు అలాగండీ. డాక్టరుగారు ఈ మాట రోజూ పదిమందికి చెప్పే వుంటారు, తన బండికి మాత్రం చెప్పుకోలేదు" అన్నాడు మేస్త్రీ.

మర్నాడు ఉదయం ఆరింటికి ముగ్గురం డాక్టరుగారింటికి వెళ్ళాం. అంత పొద్దున్నే ఎందుకంటే, ఇంజను రాత్రంతా చల్లారి వుండాలిట. వేడి ఇంజను అబద్ధమాడుతుంది, చల్లటి ఇంజను నిజం చెబుతుంది అని మేస్త్రీ సూత్రం. ఆయన ముందు బానెట్టు మీద చెయ్యి పెట్టి చూశాడు. చల్లగానే వుంది. స్టార్టు చేసిన మొదటి నాలుగు క్షణాలూ చెవి ఒగ్గి విన్నాడు. తరవాత ఇంజను ఆపించి, కాసేపాగి, ఆయిలు గేజి బయటికి లాగి చూపించాడు. ఆయిలు తగ్గడం ఎరుగుదుము గాని, ఇక్కడ పై గీత దాటి పెరిగి వుంది! వాసన చూడమన్నాడు. చూశాను. పెట్రోలు బంకు వాసన.

తరవాత స్టీరింగు కింద చేతిలో ఇమిడే యంత్రం ఒకటి తగిలించాడు. స్కానరు అంటారు. అది బండి లోపలి జ్ఞాపకాలన్నీ చదువుతుంది. మసి జల్లెడ చాలావరకు నిండింది. శుభ్రం చేసుకునే ప్రయత్నాలు ఎన్నో సగంలో ఆగాయి. తిరిగిన దూరం మాత్రం నిజమే. మీటరు వెనక్కి తిప్పలేదు. డాక్టరుగారు సత్యసంధుడు. ఆయన చెప్పినదంతా నిజం. ఆ నిజమే మా కొంప ముంచేది!

మా బావమరిది మొహం చిన్నబుచ్చుకున్నాడు. "బాగుచెయ్యలేమా?" అన్నాడు.

"ఎందుకు చెయ్యలేం? ఆయిలు మార్చి, జల్లెడ కడిగి, హైవే మీద పరుగెత్తిస్తే కుదుటపడొచ్చు. కుదుటపడకపోతే కొత్త జల్లెడ, లక్షల్లో మాట. ఆ తరవాత మాత్రం వారానికోసారి గుంటూరు వెళ్ళి రావాలండీ."

"గుంటూరులో నాకేం పని?"

"మీకు లేదండీ. బండికి వుంది."

తిరిగి వస్తూ దారిలో కాఫీ తాగుతూ మేస్త్రీ చెప్పినవీ, తరవాత నేను చదివి తెలుసుకున్నవీ మరికొన్ని వున్నాయి. కొనే తలంపులో వున్నవారికి పనికొస్తాయని రాస్తున్నాను. మేం చూసిన బండికీ వీటికీ సంబంధం లేదు.

ఇటువంటి బండ్లలో ఒక్కొక్క ఇంజనుకి ఒక్కొక్క జాతకం వుంటుంది. బి.ఎం.డబ్ల్యు. వారి ఎక్స్-1 మొదటి తరం 2009లో పుట్టి, 2010 చివర మన దేశానికి వచ్చింది. దాని డీజిలు రకాల్లో వాడిన ఎన్-47 అనే ఇంజనుకి టైమింగు గొలుసు వెనకవైపు, గేరుబాక్సు పక్కన వుంటుంది. ఆ తొలి ఇంజన్లలో గొలుసు అరిగి తెగిన సందర్భాలు చాలా దేశాల్లో పేరుపడ్డాయి. గొలుసు వెల పెద్దదేం కాదు; దాన్ని చేరడానికి సాధారణంగా ఇంజనే దింపవలసి వస్తుంది. చల్లటి ఇంజను మొదటి క్షణాల్లో గలగలమంటే మేస్త్రీలు బెదిరేది అందుకే. అదే కంపెనీవారు 2018లో డీజిలు బండ్లలో పొగను చల్లార్చే కూలరు కారి నిప్పంటుకునే ప్రమాదం వుందని ముందు దక్షిణ కొరియాలోనూ, ఆ ఏడాది అక్టోబరు నాటికి ప్రపంచమంతటా సుమారు 16 లక్షల బండ్లనూ వెనక్కి పిలిచి సరిచెయ్యడానికి పూనుకున్నారు. కంపెనీ పిలవడం తప్పు కాదు, మంచిదే. కాని మనం కొనే బండి ఆ పిలుపుకి వెళ్ళిందా లేదా అన్నది మాత్రం ఛాసీ నంబరు ఇచ్చి కంపెనీ సర్వీసువారిని అడిగి తెలుసుకోవాలి. ఏ కంపెనీ బండికైనా ఇదే వరస.

ఇక డీజిలు చిమ్మే ఇంజెక్టర్లు. వాటిలో వొత్తిడి పదహారు వందల నుంచి రెండు వేల బార్ల దాకా వుంటుంది. కంటికి ఆనని రంధ్రాలు. కల్తీ డీజిలూ, నీటి చుక్కా వాటికి శత్రువులు. ఆటోమేటిక్ గేరుబాక్సు వుంటే దాని ఆయిలు ఎప్పుడు మార్చారో బిల్లు చూడాలి. జన్మలో మార్చనక్కర్లేదన్న మాట నమ్మరాదని మేస్త్రీల ఏకగ్రీవ తీర్మానం. కొన్ని బండ్లకు స్టెప్నీ అసలే వుండదు. గాలి పోయినా మరో ఎనభై కిలోమీటర్లు నెమ్మదిగా పోగల టైర్లు వేస్తారు. అర్ధరాత్రి పిల్లాపాపలతో ప్రయాణం చేసేవారు ఈ సంగతి ముందే ఎరిగి వుండాలి. ఆ టైర్ల ఖరీదు కూడా.

మా ఊరివారికి ఇంకో జాగ్రత్త. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి ఎన్ని వందల బండ్లు నీట మునిగాయో కళ్ళారా చూసినవాళ్ళం. సీటు బెల్టును చివరిదాకా లాగి చూడండి. నీట మునిగిన బండిలో అందరూ అన్నీ కడుగుతారు, బెల్టు కొస మాత్రం మరిచిపోతారు. బురద గీత అక్కడ దొరుకుతుంది.

చవగ్గా వస్తున్నాయని ఢిల్లీ బండ్ల వెంట పడేవారూ వున్నారు. అక్కడ పదేళ్ళు దాటిన డీజిలు బండ్లు తిరగరాదని 2015లో హరిత ట్రిబ్యునలు ఆదేశించింది. 2018లో సుప్రీంకోర్టు దాన్ని నిలబెట్టింది. 2025లో ఆ పట్టు కొంత సడలింది. ఆ దెబ్బతో పాత బండ్లు దక్షిణాదికి దిగాయి. కొనేవారు అక్కడి రవాణా కార్యాలయం నుంచి ఎన్.ఓ.సి. తెచ్చుకోవాలి, ఇక్కడ తిరిగి రిజిస్టరు చేయించుకోవాలి, లైఫ్ టాక్సు కట్టాలి. బండి మీద అప్పు వుంటే బ్యాంకివారి విడుదల కాగితం వుండాలి. ఇవన్నీ కలిపితే చవక ఎక్కడో కరిగిపోతుంది.

అన్నిటికన్నా పెద్ద మాట ఒకటుంది. ఏనుగు బతికినా వెయ్యే, చచ్చినా వెయ్యే అంటారు. ఈ బండి సంగతి కాస్త వేరు. నలభై లక్షల బండి పదమూడు లక్షలకు పడిపోయింది గాని, దాని విడిభాగాలు మాత్రం ఇంకా నలభై లక్షల బండి విడిభాగాలే. వాటి ధర పడిపోలేదు. కొన్న ఖరీదులో పదోవంతు ఏటేటా మరమ్మతుకి పక్కన పెట్టుకోగలవాడే దిగాలని మేస్త్రీ సలహా.

అలాగని ఈ బండ్లు చెడ్డవని నేననడం లేదు. మా వీధిలో ఒక కాంట్రాక్టరుగారికి ఇటువంటిదే వుంది. ఆయన కొన్నప్పటికే లక్షా పదివేలు తిరిగింది. అందరూ నవ్వారు. ఆయన రెండు రోజులకోసారి ఒంగోలు వెళ్ళి వస్తారు. ప్రతి బిల్లూ ఫైలులో దాచుకుంటారు, ఆయిలు చెప్పిన గడువుకి ముందే మార్పిస్తారు. బండి నిక్షేపంలా వుంది. బండి ఎంత తిరిగిందన్నది కాదు, ఎలా తిరిగిందన్నది ప్రశ్న. మన చేతిలో ఎలా తిరగబోతుందన్నది అంతకన్నా పెద్ద ప్రశ్న.

ఆ సాయంత్రం మా ఇంట్లో సభ కూడింది. నేను చూసింది చూసినట్లు చెప్పాను. కొనమనీ అనలేదు, వద్దనీ అనలేదు. "మా తమ్ముడి ముచ్చటంటే మీకెప్పుడూ వెటకారమే" అని మా ఆవిడ లోపలికి వెళ్ళిపోయింది. మామగారు కళ్ళజోడు తుడుచుకుంటూ ఏమీ మాట్లాడలేదు. ఆ కళ్ళజోడు ఎంత తుడిచినా ఆయనకి సరిగ్గా కనిపించదని అందరికీ తెలుసు.

మా బావమరిది జేబులోంచి ఒక కాగితం తీసి లెక్క వేశాడు. బ్యాంకికి మూడు కిలోమీటర్లు. రానూ పోనూ ఆరు. నెలకి పాతిక రోజులు. నూట యాభై. ఆ అంకె కింద రెండు గీతలు గీసి చాలాసేపు చూశాడు. తరవాత కాగితం మడిచి జేబులో పెట్టుకుని, "నేనూ డాక్టరుగారి లాగే తిప్పుతాను బావగారూ" అని లేచి వెళ్ళిపోయాడు.

ఒక నెల మా ఇంటికి రాలేదు. బండిని ఇంకెవరో కొన్నారని విన్నాను. వారు దూరాలు తిరిగేవారే కావాలని మనసారా కోరుకున్నాను.

పోయిన వారం మామగారి కంటికి ఆపరేషను అయింది. మా బావమరిదే దగ్గరుండి చేయించాడు. కట్టు విప్పాక చూడడానికి వెళితే, మామగారు నన్ను ఎగాదిగా చూసి, "మీకు జుట్టు ఇంత నెరిసిందా అల్లుడుగారూ!" అన్నారు.

"ఆసుపత్రికి ఎలా వెళ్ళారు?" అన్నాను మాట మారుస్తూ.

"ఆటోలో" అన్నాడు మా బావమరిది. చాలా రోజుల తరవాత నాతో అతను అన్న మొదటి మాట అది. కాస్త నవ్వాడు కూడా.